రెండు యంత్రాల నడుమ ఒక తీగ

జంషెడ్‌పూర్ అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది ఉక్కు. సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి చేరువలో వెలసిన ఈ నగరానికి 1919లో నాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. ఉక్కు కర్మాగారంలో కొలువులకోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అటువంటి నగరంలో ఒక ఇంటి డాబామీద ఈ కొసనుంచి ఆ కొసకు బిగించి కట్టిన రాగితీగ కనిపిస్తే, అది బట్టలు ఆరవేసుకునే తీగ అనుకోనక్కరలేదు. అమెచ్యూర్ రేడియో కేంద్రపు ఏరియల్ కూడా అలాగే ఉంటుంది.

అమెచ్యూర్ రేడియోకు వాడుకలో ‘హామ్ రేడియో’ అని పేరు. ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొందినవారు లాభాపేక్ష లేకుండా సొంత రేడియోద్వారా ఇతర హామ్‌లతో సంభాషించవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతనామం ఉంటుంది. మన దేశంలో ఆ నామాలు ‘వి.యు.’ అనే అక్షరాలతో మొదలవుతాయి. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలమీద జంషెడ్‌పూర్‌నుంచి పట్టపగలే, 600 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న విశాఖపట్నంవారిని పలకరించవచ్చు. మధ్యలో టెలిఫోను తీగ గాని, సెల్‌ఫోను టవరు గాని అవసరం లేదు.

ఒకప్పుడు హామ్‌కు కావలసిన పనిముట్లు రెండే: మోర్స్ కోడ్ పంపే మీట, మాట్లాడే మైకు. ఇప్పుడు వాటి సరసన కంప్యూటర్ చేరింది. అక్షరాలను స్వరాలుగా మార్చి పంపే పి.ఎస్.కె.31 అనే పద్ధతిని 1998లో ఇంగ్లండుకు చెందిన పీటర్ మార్టినెజ్ ప్రవేశపెట్టాడు. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న జోసెఫ్ టేలర్, స్టీవ్ ఫ్రాంకే అనే మరొక హామ్‌తో కలిసి 2017లో ఎఫ్.టి.8 అనే పద్ధతిని రూపొందించాడు. చెవికి ఆననంత బలహీనమైన సంకేతాన్ని సైతం కంప్యూటర్ ఈ పద్ధతిలో పసిగట్టి, అక్షరాలుగా తెరమీద చూపుతుంది.

అయితే రేడియో మంచిదే, కంప్యూటర్ మంచిదే, రెండింటినీ కలిపితే మాత్రం చెవిటివాడిముందు శంఖం ఊదినట్లవుతుంది. ఈ విద్యలో కొత్తగా అడుగు పెట్టినవారిలో చాలామందికి ఇది అనుభవమే. అప్పుడు వారు చేసే మొదటి పని యంత్రాన్ని అనుమానించడం, రెండవ పని బజారుకు వెళ్ళడం. రెండూ తొందరపాటే. కొళాయిలో నీరు రాకపోతే ఎవరూ వెంటనే కొత్త ట్యాంకు కట్టించరు. నీరు ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో ముందు చూస్తారు. ఇక్కడా అంతే.

రేడియోకూ కంప్యూటర్‌కూ నడుమ మూడు దారులున్నాయి. రేడియో విన్న ధ్వని కంప్యూటర్‌కు చేరడం ఒకటి. కంప్యూటర్ పుట్టించిన ధ్వని రేడియోకు చేరడం రెండవది. “ఇప్పుడు ప్రసారం మొదలుపెట్టు” అనే ఆజ్ఞ వెళ్ళడం మూడవది. కొత్తరకం రేడియోలలో ఈ మూడూ ఒకే యు.ఎస్.బి. తీగలో ఇమిడి ఉన్నా, కంప్యూటర్ దృష్టిలో అవి వేరువేరు దారులే. కనుక ఒక్కొక్క దారినే పరీక్షించాలి. ఒకసారి ఒక్క మార్పే చెయ్యాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేసినవాడికి లోపం తొలగిపోయినా, అది ఎందుకు తొలగిందో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికే వస్తాడు.

మొదట వినికిడి సంగతి. రేడియోలో సంకేతాలు వినిపిస్తున్నా తెరమీద ఏమీ కనబడకపోతే, కంప్యూటర్ దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. తెరమీది బొమ్మ కదిలిందంటే, కంప్యూటర్ రేడియోను విడిచి తన సొంత మైకుతో గదిని వింటున్నదని అర్థం. ప్రోగ్రాములో సరైన సౌండ్ కార్డును ఎంచుకుంటే చాలు. సంకేతాలు తెరమీద స్పష్టంగా కనిపిస్తూ కూడా అక్షరాలుగా మారకపోతే గడియారం చూడాలి. ఎఫ్.టి.8 పద్ధతిలో ప్రపంచంలోని కేంద్రాలన్నీ 15 సెకండ్ల వంతులను పాటిస్తాయి. గడియారం రెండు మూడు సెకండ్లు తప్పినా అంతా అయోమయమే. ఇంత చిన్న కారణానికి తీగలన్నీ ఊడదీసుకున్నవారు లేకపోలేదు.

తరువాత ఆజ్ఞ. ధ్వని వెళ్తున్నా రేడియో ప్రసారం మొదలుపెట్టకపోతే, కంప్యూటర్‌లోని పోర్టు సంఖ్యను సరిచూడాలి. నిన్న ఒక రంధ్రంలో పెట్టిన తీగను నేడు పక్క రంధ్రంలో పెడితే ఆ సంఖ్య మారిపోవచ్చు. రెండువైపులా నిర్ణయించిన వేగం కూడా ఒకటే ఉండాలి. ఒకరు నిదానంగా, మరొకరు గబగబా చదివితే వంతపాట కుదరదు కదా!

మూడవది కంప్యూటర్‌నుంచి వెళ్ళే ధ్వని. రేడియో మైకు రంధ్రం కొద్ది మిల్లీవోల్టులకే స్పందిస్తుంది. కంప్యూటర్ హెడ్‌ఫోను రంధ్రంనుంచి వచ్చే ధ్వని అంతకు ఎన్నో రెట్లు బలమైనది. నేరుగా కలిపితే ప్రసారం చిట్లి, ఇరుగుపొరుగు కేంద్రాలమీద పడుతుంది. ధ్వని తీగకు వరుసలో 10,000 ఓముల రెసిస్టరును, రేడియోవైపు అడ్డంగా 100 ఓముల రెసిస్టరును కలిపితే బలం సుమారు నూరోవంతుకు తగ్గుతుంది. ఖర్చు కొద్ది రూపాయలే. ఆపైన, రేడియోలోని ఎ.ఎల్.సి. ముల్లు కదలీ కదలనంతవరకే ధ్వనిని పెంచాలి.

ఇక గుయ్యిమనే రొద. రేడియోకూ కంప్యూటర్‌కూ రెండు వేరువేరు దారుల్లో ఎర్తు కలిసినప్పుడు, ఆ రెంటిమధ్య ఏర్పడిన చుట్టులో 50 హెర్ట్జ్ విద్యుత్తు చొరబడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జరును తీసివేసి బ్యాటరీమీద నడపండి. రొద ఆగిపోతే దోషి దొరికినట్టే. ధ్వని తీగ మధ్యలో ఒకటికి ఒకటి నిష్పత్తిగల చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం దీనికి మందు. రొద పోతుందని కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్నునే తీసివేస్తారు. అది ప్రాణాంతకం. ఆ పిన్ను మనిషిని కాపాడటానికి ఉన్నది. దానిని ఎన్నడూ తాకరాదు.

అన్నిటికంటె చిత్రమైన లోపం మరొకటుంది. వింటున్నంతసేపు అంతా సవ్యంగానే ఉంటుంది. ప్రసారం మొదలుకాగానే మౌసు స్తంభించిపోతుంది, ప్రోగ్రాము ఆగిపోతుంది. రేడియోనుంచి వెలువడిన శక్తి తీగలవెంట తిరిగి కంప్యూటర్‌లోకే జొరబడటం ఇందుకు కారణం. ప్రసార శక్తిని బాగా తగ్గించి చూడండి. ఏరియల్ బదులు డమ్మీ లోడ్ తగిలించి కూడా చూడండి. లోపం మాయమైతే అనుమానం నిజమే. యు.ఎస్.బి. తీగను ఫెర్రైట్ ఉంగరంలోంచి నాలుగైదు చుట్లు తిప్పి, ఏరియల్‌ను ఇంటికి దూరంగా జరిపితే చాలావరకు గుణం కనిపిస్తుంది.

జంషెడ్‌పూర్ వంటి యంత్రాల నగరంలో మరొక చిక్కు ఎదురు కావచ్చు. వినిపించే రొద తన తీగలదో, ఊరిదో తేల్చుకోవాలి. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపి, రేడియోను బ్యాటరీమీద నడిపితే నిజం బయటపడుతుంది. రొద తగ్గితే దోషం ఇంట్లోదే. చవకబారు ఎల్.ఇ.డి. దీపమో, ఛార్జరో అయివుంటుంది. తగ్గకపోతే అది ఊరి రొద. దానితో సర్దుకుపోక తప్పదు.

ఇంత ఓపిక దేనికని అడిగేవారికి 2004 సమాధానం చెబుతుంది. ఆ డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ దీవులకు వెళ్ళింది. ప్రపంచంలోని హామ్‌లతో అక్కడినుంచి సంభాషించడమే వారి సరదా యాత్ర లక్ష్యం. డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతాన భూమి కంపించింది. సునామీ విరుచుకుపడింది. టెలిఫోన్లు మూగబోయిన ఆ దీవులనుంచి వారి రేడియోలే క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేశాయి. వినోదం కోసం అమర్చిన పరికరాలు ఆనాడు పనికివచ్చాయంటే, అవి అప్పటికే పనిచేస్తూ ఉండటమే కారణం.

వరదవేళ, తుపానువేళ పంపవలసినవి పేర్లు, ఊర్లు, మందుల పట్టికలు. నోటితో చెప్పినప్పుడు ఒక అక్షరం తప్పినా ఒక మనిషి జాడ తప్పిపోతుంది. అందుకే వాటిని అక్షరాల రూపంలోనే పంపగల కంప్యూటర్‌కు అంత విలువ. కాని తీగలో లోపమేదో ఆ సమయంలో వెదకడం ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వబోయినట్లే అవుతుంది.

కాబట్టి హామ్‌లు నెలకొకసారైనా మెయిన్ స్విచ్చి ఆపి, బ్యాటరీమీద కేంద్రాన్ని నడిపి, ఒక సందేశాన్ని పంపి, మరొకదానిని అందుకోవడం మంచిది. పోర్టు సంఖ్య, వేగం, ధ్వని మట్టం ఒక కాగితంమీద వ్రాసి రేడియో పక్కనే అంటించి ఉంచాలి. అవసరం వచ్చిననాడు ఆ కుర్చీలో కూర్చునేది యజమానే కాకపోవచ్చు. ఎవరు కూర్చున్నా ఆ కాగితం చూసి పని మొదలుపెట్టగలగాలి.