నేలకు మొహమాటం ఉండదు

1980 జూన్ 23న నేను బేగంపేటలో ట్రైనీ పైలట్‌ని. హ్యాంగర్‌లో మెకానిక్ ట్రాన్సిస్టర్‌లో వార్త విన్నాం. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం నుంచి లేచిన చిన్న విమానం కూలి ప్రధాని ఇందిరా గాంధీ కొడుకు సంజయ్ గాంధీ, ఆయనతో ఉన్న కెప్టెన్ సుభాష్ సక్సేనా చనిపోయారట. తక్కువ ఎత్తులో పల్టీలు కొడుతుంటే అదుపు తప్పిందట. ఆ తర్వాత ఎక్కడ విన్నా కుట్ర మాటే. మా ఇన్‌స్ట్రక్టర్ గారు మాత్రం ఒక్కటే అడిగారు: "ఎంత ఎత్తులో ఉన్నార్రా?"

ఆ విమానం పిట్స్ ఎస్-2ఎ. ఒకదానిపై ఒకటిగా రెండు వరసల రెక్కలు, కొస నుంచి కొసకు 20 అడుగులు, 200 హార్స్‌పవర్ ఇంజన్. అమెరికాలో కర్టిస్ పిట్స్ రూపొందించిన తొలి పిట్స్ 1944లో ఎగిరింది. 1972 ప్రపంచ ఏరోబాటిక్ పోటీల్లో పురుషుల విజేత చార్లీ హిల్లార్డ్, మహిళల విజేత మేరీ గఫానీ ఇద్దరూ పిట్స్‌లోనే నెగ్గారు. దీన్ని మృత్యుశకటం అంటే నేను ఒప్పుకోను. పల్టీల కోసమే పుట్టిన గట్టి విమానం ఇది. కాకపోతే తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి తక్కువ ఇస్తుంది.

ఆరేళ్ల కిందట ఫ్లోరిడాలో ఒకసారి పిట్స్ ఎక్కాను. వీపుకు పారాచూట్, ఊపిరి బిగబట్టేంత గట్టిగా బెల్టులు. నాలుగు వేల అడుగుల పైన స్పిన్‌లోకి దింపారు. పచ్చటి నేల గిర్రున తిరిగింది. ఎత్తు చూపే ముల్లు వెనక్కి పరుగు పెట్టింది. నా చెయ్యి తనంతట తానే స్టిక్‌ని పొట్టకేసి లాగబోయింది. ప్రాణభయంలో ఎవరైనా చేసేది అదే, చేయకూడనిదీ అదే. స్పిన్ నుంచి బయటపడటానికి ఏరోబాటిక్ పైలట్లు జీన్ బెగ్స్, ఎరిక్ ముల్లర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇలా ఉంటుంది: ఇంజన్ తగ్గించు, స్టిక్ వదిలేయి, తిరుగుతున్న దిక్కుకు ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కు, తిరగడం ఆగాక రడ్డర్ మధ్యకు తెచ్చి నెమ్మదిగా పైకి లాగు. ఈలోపు చుట్టుచుట్టుకీ వందల అడుగులు కరిగిపోతాయి. అన్ని అడుగులు కింద లేకపోతే ఎంత నేర్పున్నా ఏం లాభం?

ఇదంతా తెలిసీ నేనూ ఒకసారి తప్పు చేశాను. ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న రోజుల్లో పలుకుబడి ఉన్న ఇంటి కుర్రాడొకడు తన ఊరి మీద చెట్ల ఎత్తున ఎగిరొచ్చాడు. నాకు తెలిసింది. పెద్దవాళ్లతో మాట పడటమెందుకని ఊరుకున్నాను, మర్నాడు మళ్లీ విమానం ఇచ్చాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి వాడు ఇంకా కిందికి దిగాడు, చూసి మరో ఇద్దరు నేర్చుకున్నారు. ఆ ముగ్గురూ బతికి ఉండటం వాళ్ల అదృష్టమే, అందులో నా గొప్ప ఏమీ లేదు.

2010 మార్చి 3న బేగంపేట వైమానిక ప్రదర్శనలో జనం మధ్య నిలబడి చప్పట్లు కొడుతున్నాను. నేవీ జట్టు కిరణ్ విమానమొకటి కిందికి దూకి మళ్లీ పైకి లేవలేదు. బోయిన్‌పల్లి ఇళ్ల మధ్య పొగ లేచింది. ఇద్దరు పైలట్లు పోయారు. అంత శిక్షణ, అంత క్రమశిక్షణ ఉన్నవాళ్లకే ఇలా జరిగితే, కింద ఇళ్లుండగా ప్రదర్శన పెట్టడం ఎంత పెద్ద పందెమో ఆలోచించండి.

అమెరికాలో ప్రదర్శన పైలట్‌కి పరీక్ష పెట్టి, అతను దిగగల కనిష్ఠ ఎత్తు కార్డు మీద రాసిస్తారు. మొదట 800 అడుగులు. అనుభవం వచ్చాక 500, ఆపైన 250. ఆ మెట్లు దాటాకే నేల దాకా దిగే అనుమతి. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో, ప్రదర్శనల్లో కూడా ప్రతి పైలట్ కనిష్ఠ ఎత్తు ముందే కాగితం మీద ఉండాలి. ఇళ్ల మీద విన్యాసాలు వద్దు. రేడియో పట్టుకుని కింద నిలబడే మనిషికి, పైనున్నది ఎవరైనా సరే, "ఇక చాలు, దిగండి సార్" అనే అధికారం ఉండాలి. అన్నందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు.

ఆ నాలుగు మాటలు నేను ఆ కుర్రాడితో అనలేకపోయాను. రేపు రేడియో పట్టుకునేవాడు అనగలగాలి.