పంతొమ్మిదో స్థానం ఎప్పుడు వస్తుంది?

రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. అక్కడ అధ్యాపక నియామకాల మాట వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: మనకెన్ని?

2007 చట్టం వెనుకబడిన ముస్లిం తరగతులకు బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చింది. 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. అయితే శాతం కన్నా రోస్టరు ముఖ్యమని, కచేరీ కాగితాల మధ్య జీవితం గడిపిన మాకు తెలుసు. రోస్టరులో బీసీ-ఇకి మొదటిది 19వ స్థానం, తరువాతిది 44. విశ్వవిద్యాలయమంతటినీ ఒకే యూనిట్‌గా లెక్కిస్తే ఆ స్థానం త్వరగానే వస్తుంది. శాఖలవారీగా లెక్కిస్తే, అయిదారు పోస్టులున్న శాఖలో మన వంతు వచ్చేసరికి ఒక తరం పదవీ విరమణ చేస్తుంది. కేంద్ర విద్యాసంస్థలకు 2019 చట్టం ఈ చిక్కు తీర్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దాని పరిధిలో లేవు.

నెట్, స్లెట్, పీహెచ్‌డీలలో ఏదో ఒకటి లేనిదే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హతే రాదు. మన పరిశోధక విద్యార్థులకు ఆసరాగా నిలిచిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నేమో కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది! దాని పునరుద్ధరణ కోరడం ఎంత అవసరమో, రోస్టరును కనిపెట్టి ఉండడమూ అంతే అవసరం.

నోటిఫికేషన్ వెలువడ్డాక కోర్టు మెట్లెక్కడం కన్నా, ముందే సమాచార హక్కు చట్టం కింద రోస్టరు రిజిస్టరు నకలు అడగాలి. లెక్క ఏ యూనిట్ ప్రకారం, ఏ స్థానం వద్ద ఆగింది, భర్తీ కాని బీసీ-ఇ పోస్టులెన్ని? ఈ మూడింటికీ రాతపూర్వక సమాధానం తెప్పించుకుందాం. దరఖాస్తు రుసుము పది రూపాయలు.