డైనమా మీద నీలాపనింద

మా సిరొంచ తాలూకాలో పాత బండి ఉన్నవాడికి సలహాలకు కొదవ లేదు. ఛార్జింగ్ ఎక్కడం లేదని నోరు జారితే చాలు, అంకీసా చాయ్ హోటల్ నుంచి పాతగూడెం దగ్గర ఇంద్రావతి వంతెన దాకా ఒకటే మాట: "అన్నా, బ్యాటరీ మార్చు." మార్చినా బాగుపడకపోతే రెండో మాట: "డైనమా ఖతమైంది, పన్నెండు వోల్టుల కిట్టు ఎక్కియ్యి." దానికీ లొంగకపోతే, "తూకానికి అమ్మెయ్." ఆరు వోల్టుల బండ్లు పుట్టుకతోనే రేచీకటి బండ్లని ఊరూ వాడా తీర్మానించేసింది. ఆ తీర్మానం తప్పని నా వాదన. పాత బండి చీకట్లో ఆగిపోతే చాలాసార్లు నేరం డైనమాది కాదు. కొలవకుండా తీర్పు చెప్పే మన అలవాటుది.

నా దగ్గరున్నది మా మామ నడిపిన 1978 నాటి యెజ్డి 250. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ సరుకు. 1961లో జావా పేరుతో బండ్లు తీయడం మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డి అని పేరు మార్చి, 1996లో మూతపడ్డ ఫ్యాక్టరీ అది. (2021 నాటి కేంద్ర నిబంధన ప్రకారం 50 ఏళ్లు నిండితేనే వింటేజ్. కాబట్టి సర్కారు లెక్కలో నా బండి ఇంకా పడుచుదే.) ముచ్చటపడి ఫ్రేము దాకా విప్పించి, తళతళలాడే రంగు వేయించాను. రంగు వేసిన నెలలోపే ఛార్జింగ్ తంటా మొదలైంది.

మొదట కొత్త బ్యాటరీ వేయించాను. వారం రోజులు దీపం ధగధగలాడింది. "చూశినవా అన్నా!" అన్నాడు మెకానిక్. పదో రోజుకు మళ్లీ మిణుకు మిణుకు. ఊళ్లో ఈ మూఢనమ్మకం నిలబడింది సరిగ్గా ఆ వారం రోజుల మీదే. కొత్త బ్యాటరీ నిండు కడుపుతో వస్తుంది. అందులోని కరెంటు తరిగేదాకా ఏ బండి అయినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పగటి తిరుగుడు అయితే నెల కూడా గడవొచ్చు. అది మరమ్మతు కాదు, అప్పు తెచ్చి పండగ చేసుకోవడం.

రెండోసారి ఆర్మేచర్ చుట్టించమన్నారు. సరేనని విప్పబోతూ ఆగాను. జావా, యెజ్డి బండ్లలో హెడ్‌లైటు దగ్గర ఓ చిన్న ఎర్ర దీపం ఉంటుంది. దాన్ని అలంకారం అనుకునేవాళ్లే ఎక్కువ. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు ఆ బల్బు గుండా వెళ్లి, డైనమా కార్బన్లు దాటి బాడీకి చేరుతుంది, దీపం వెలుగుతుంది. ఇంజను వేగం అందుకోగానే డైనమా వోల్టేజీ బ్యాటరీతో సమానమవుతుంది. బల్బుకు రెండు పక్కలా ఒకే ఒత్తిడి కాబట్టి ఆరిపోతుంది. తాళం తిప్పినా వెలగలేదంటే బల్బు మాడిందో, కార్బన్లు అరిగి కమ్యుటేటర్‌ను తాకడం లేదో అన్నమాట. ఎంత రేజు చేసినా ఆరకపోతే అప్పుడు డైనమానో రెగ్యులేటర్‌నో అనుమానించాలి. నా బండిలో తిప్పగానే వెలిగింది, రేజు చేయగానే ఆరింది. అంటే డైనమా తన సాక్ష్యం తనే చెబుతోంది. ఆ సాక్ష్యం వినకుండానే దానికి శిక్ష వేయబోయారు!

మూడు వందల రూపాయల మీటర్ తీసుకున్నాను. ఇంజను ఆపి, హెడ్‌లైటు వేసి, మీటర్ ముల్లు ఒకటి బ్యాటరీ ఎర్త్ మొన మీద, రెండోది ఇంజను బాడీ మీద పెట్టాను. అక్కడ సున్నాకు దగ్గరగా చూపాలి. 0.8 వోల్టు చూపింది. ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద అద్దంలాంటి కొత్త రంగు. నా డబ్బుతో, నా ముచ్చటకు వేయించిన రంగే! ఇనుముకు ఇనుము తగలాల్సిన చోట రంగు పొర కూర్చుంది. బోల్టు మర మాత్రమే అక్కడక్కడా ఒరుసుకుని కాస్త కరెంటును జారనిస్తోంది. ఎమరీ కాగితంతో రూపాయి బిళ్లంత మేర తెల్లగా మెరిసేలా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాను. మీటర్ 0.05కి దిగింది. కొత్త సామాను ఏదీ కొనలేదు.

ఆరు వోల్టుల మీద ఉన్న కోపం ఎక్కడ పుట్టిందో ఇక్కడ కనిపిస్తుంది. 35 వాట్ల బల్బు పన్నెండు వోల్టుల్లో దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటే, ఆరు వోల్టుల్లో 6 తీసుకుంటుంది. తుప్పు పట్టిన ఒకే కనెక్షన్ పన్నెండు వోల్టుల బండిలో ఎంత శాతం మింగుతుందో, ఆరు వోల్టుల బండిలో దానికి నాలుగింతలు మింగుతుంది. పైగా బల్బు స్వభావం చెడ్డది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. ఇక ఛార్జింగ్ సంగతి: రెగ్యులేటర్ చూసేది డైనమా దగ్గరి ఒత్తిడిని. దారిలో ఎర్త్ అడ్డుపడితే అక్కడ అంతా నిండినట్టు అనిపించి ధార తగ్గించేస్తుంది, బ్యాటరీకి చేరేది చుక్కలు చుక్కలుగానే. కాబట్టి ఆరు వోల్టుల వ్యవస్థ శుభ్రమైన ఎర్త్ అడుగుతుంది, అంతే. అడగడం లోపం అనుకుంటే నేను చేయగలిగింది లేదు.

మా గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి తీరాల్లో ఇది మరీ ముఖ్యం. 2022 జూలై వరదల్లాంటివి వచ్చినప్పుడు నీళ్లలో నానిన బండ్ల కనెక్టర్లలోకి ఒండ్రు దూరుతుంది. ఎండాక పైకి ఏమీ కనిపించదు. లోపల మాత్రం ఆకుపచ్చ చిలుము. అలాంటి బండికి బ్యాటరీ మార్చడం, చిల్లు కుండకు కొత్త మూత కొనడమే.

పన్నెండు వోల్టులకు మార్చాలనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆరు వోల్టుల బల్బు దొరకడం ఇప్పుడు కష్టమే, బ్యాటరీ కోసం నది దాటి మంచిర్యాల దాకా తిరగాల్సి రావచ్చు. రాత్రిపూట జాతీయ రహదారి 63 మీద లారీలకు ఎదురెళ్లేవాడు మంచి వెలుగు కోరుకుంటే తప్పుపట్టను. కానీ కిట్టు ఎక్కించినా ఆ కరెంటు నడిచేది అదే పాత వైరింగ్‌లో, దిగేది రంగు కింద దాక్కున్న అదే ఎర్త్‌లోకి. జబ్బు అక్కడే ఉంచి మనిషిని మార్చినట్టు.

ఇంకో దురలవాటు గురించి చెప్పకపోతే కడుపుబ్బిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగలేదు, అంటే ఛార్జింగ్ ఉన్నట్టే" అంటారు. డైనమా బండిలో అది డైనమా కరెంటు తీస్తోందని చెబుతుందేమో గానీ, బ్యాటరీకి ఛార్జింగ్ చేరుతోందని తేల్చదు. ఆల్టర్నేటర్, డయోడ్లు ఉన్న తర్వాతి కాలపు బండికి అది ప్రాణాంతకం. బ్యాటరీ అనే మెత్త తీసేయగానే వోల్టేజీ ఒక్కసారి ఎగిసి రెక్టిఫయర్‌నో బల్బులనో కాల్చేయొచ్చు. పరీక్ష పేరుతో చేసే హత్య అది.

ఈ నింద మన దగ్గరే పుట్టలేదు లెండి. బర్మింగ్‌హామ్ లూకాస్ కంపెనీ సామాను వాడిన ఇంగ్లీషు బండ్ల యజమానులు ఆ కంపెనీకి చీకటి రాకుమారుడని పేరు పెట్టి తరాల తరబడి నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో ఎన్ని తుప్పు పట్టిన ఎర్త్ బోల్టుల వల్ల వచ్చాయో లెక్క తీసినవాడు లేడు.

మా మెకానిక్‌కు ఇదంతా చూపించాను. ఇంజను బాడీ మీద ముల్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఇంకో బల్బు వేసి చూశాడు. "మరి డైనమా?" అన్నాడు. "దాన్ని వదిలెయ్ తమ్మీ, అది 1978 నుంచి పనిచేస్తానే ఉంది" అన్నాను. దుకాణం ముందు ఆగిన ఓ రాజ్‌దూత్ దగ్గరికి ఆ మీటర్ పట్టుకుని వెళ్లాడు. నాలుగు నెలలైంది, మీటర్ ఇంకా తిరిగి ఇవ్వలేదు.