విండోస్ మీద నెపం వద్దు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నిన్నటిదాకా పొన్నూరులో శుభలేఖలూ, కరపత్రాలూ, ఎరువుల కొట్ల బిల్లు బుక్కులూ కొట్టిచ్చిన సిస్టమ్ ఒక్కపూటలో తుక్కయిపోయిందట! ఎవరన్నారు? కొత్తది అమ్మేవాడు. మీరు తలూపారు.

అదే సిస్టమ్‌లో లినక్స్ మింట్ వేయండి, 4 జీబీ ర్యామ్‌తోనే నడుస్తుంది. పైసా కట్టక్కర్లేదు. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే చదువుకుంటున్నారు. మన దగ్గరా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. ట్యాలీ మీద బతికే అకౌంటెంటుకూ, వేలిముద్ర మిషన్‌కు లినక్స్ డ్రైవర్ దొరకనివాళ్లకూ విండోస్ తప్పదు, వాళ్లతో నాకు పేచీ లేదు. నా గొడవ డీటీపీ షాపులతోనూ, వాటికి పని ఇచ్చే పెద్దమనుషులతోనూ.

“లినక్స్‌లో పేజ్‌మేకర్ రాదండీ, అను ఫాంట్లు రావండీ” అంటారు. అదీ అసలు రోగం! పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. చేసిన కంపెనీయే వదిలేసిన ఆ శవాన్ని విక్రమార్కుడిలా భుజాన వేసుకుని ఇంకా మోస్తున్నారు. మీ దగ్గరున్న కాపీల్లో ఎన్ని డబ్బిచ్చి కొన్నవో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. దొంగ కాపీకి పాతికేళ్లు ఊడిగం చేస్తారు గానీ, ఊరికే ఇచ్చేదాన్ని నమ్మరు.

పాత అను ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. లోపల ఇంగ్లిషు అక్షరాల సంకేతాలుంటాయి, పైకి ఫాంటు తెలుగు రూపం గీస్తుంది. ఫాంటు తీసేస్తే ‘అమ్మ’ కూడా అర్థంలేని గుర్తులైపోతుంది. వెతికితే దొరకదు. చూపులేని మనిషికి కంప్యూటర్ దాన్ని చదివి పెట్టలేదు. మన కవులు అచ్చు వేయించిన పుస్తకాలూ, గుడి చరిత్రలూ, ఊరి సంచికలూ ఇలా ఎన్ని సమాధయ్యాయో! ఏ ఫాంటుకూ కట్టుబడకుండా ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లో, మొదటి వెర్షన్‌లోనే ఉంది. ముప్పై ఏళ్లు దాటినా మనకు తీరిక దొరకలేదు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వస్తే గిడుగు వారి పటానికి దండ వేసి, మాతృభాష చచ్చిపోతోందని మైకు పట్టుకుని ఏడుస్తారు. ఆ సభ ఆహ్వానపత్రం మాత్రం పేజ్‌మేకర్‌లో, అనులో! గిడుగు పేరుతోనే యూనికోడ్ ఫాంటు ఉచితంగా ఉంది. మండలి, రామభద్ర, సూరన్న కూడా ఉన్నాయి. ఏనాడైనా ముట్టారా? భాష మీద ప్రేమ దండల దగ్గరే ఆగిపోయింది.

కష్టం లేదని నేను అబద్ధం చెప్పను. అనులోని యాపిల్ కీబోర్డు లేఅవుట్‌కు అలవాటుపడిన వేళ్లు యూనికోడ్ టైపింగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్‌కు మళ్లేటప్పుడు తడబడతాయి. పేజ్‌మేకర్ బదులు వాడుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో కొన్నాళ్లు పని నెమ్మదిస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో మారమని ఎవడూ అడగడు, మూఢంలో మొదలుపెట్టండి. ముందు విండోస్‌లో ఉండగానే యూనికోడ్‌కు రండి, స్క్రైబస్ అక్కడా నడుస్తుంది. అక్షరానికి స్వేచ్ఛ వచ్చాక ఏ సిస్టమ్ అన్నది మీ ఇష్టం, ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఇదంతా చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు ఒక్క పని చేయండి. పదేళ్ల కిందట మీరు కొట్టిన పేజ్‌మేకర్ ఫైలును ఇప్పుడే మీ కూతురి ఫోన్‌కు పంపించండి. చదివి వినిపించమనండి.