బీపీతో పాటు మందు సంగతీ అడగాలి

మన కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్లలో విలేజ్ క్లినిక్‌కు వెళితే బీపీ, షుగర్ చూస్తారు. 30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్త నింపే కేంద్ర ప్రభుత్వ ఫారంలో మందు గురించి ఉన్నది ఒకే ప్రశ్న: రోజూ తాగుతారా? కూలి డబ్బు చేతికొచ్చిన రోజున ఒళ్లు తెలియకుండా తాగే మనిషి ‘లేదు’ అంటాడు. అది అబద్ధం కాదు. కానీ అతని కష్టం లెక్కకు రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఆడిట్’లో పది ప్రశ్నలున్నాయి: ఎన్నాళ్లకోసారి, ఎంత, ఏం నష్టం జరిగింది అని. 40కి 8 మార్కులు వస్తే ప్రమాదం మొదలైనట్టే. అప్పుడు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడినా కొందరు తగ్గిస్తారు. 20 వస్తే డాక్టరు దగ్గరకు పంపాలి. తాగకపోతే చేతులు వణికేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణాల మీదకు రావచ్చు.

2024 అక్టోబరు నుంచి క్వార్టర్ సీసా 99 రూపాయలకే దొరికేలా చేసిన ప్రభుత్వం ఈ పది ప్రశ్నలనూ మన క్లినిక్‌లకు తేవాలి. ఏఎన్ఎంలకు శిక్షణ ఇవ్వాలి. చాటుగా అడగాలి, చెప్పింది ఊళ్లో పొక్కకూడదు. ఇదే మా డిమాండ్.

మనమూ ఒకటి చేద్దాం. అప్పుల్లో మునిగిన కౌలురైతును ‘తాగుబోతు’ అని తీసిపారేయకుండా, 14416 టెలీమానస్‌కు పక్కనుండి ఫోన్ చేయిద్దాం.