చదవకుండా పొగిడేవాళ్లతో పేచీ

చదవని పుస్తకాన్ని పొగడటం మన సాహిత్య లోకంలో మర్యాదగా చెలామణీ అవుతోంది. నేను దాన్ని మోసం అంటాను. రాసినవాళ్లకి మోసం, డబ్బు పెట్టి కొన్నవాళ్లకి మోసం. ఆ పొగడ్తలు వినీ వినీ, మంచి పుస్తకం గురించి ఎవరైనా నిజం చెప్పినా నమ్మలేని స్థితికి వచ్చిన పాఠకుడికి అన్నిటికన్నా పెద్ద మోసం.

ఏ ఊళ్లోనైనా ఒక ఆవిష్కరణ సభకి వెళ్లి చూడండి. వేదిక మీద ఏడెనిమిది మంది. రంగు కాగితం విప్పి, అట్ట కెమెరా వైపు తిప్పి, పుస్తకాన్ని గుండెల దగ్గర పట్టుకుంటారు. ఒక వక్త రచయిత తండ్రిగారితో తనకున్న స్నేహం చెబుతాడు. ఇంకొకాయన తన కవితే చదువుతాడు. మూడో ఆయన ముందుమాటలోంచి రెండు వాక్యాలు తీసి అటూఇటూ తిప్పుతాడు. ఒక సభలో ముఖ్య అతిథి కథల సంపుటిని నవల అనుకుని పావుగంట మాట్లాడారు. ఏళ్ల తరబడి ఆ కథలు రాసుకున్న ఆవిడ తలొంచుకుని కూర్చుంది. వేదిక మీదున్న ఒక్కరూ ఆయన్ని ఆపలేదు. సభ అయ్యాక శాలువాలు కప్పారు, టిఫిన్లు పెట్టారు. ఆ కథల్లో ఒక్కదాని పేరు కూడా ఆ సాయంత్రం ఎవరి నోటా వినపడలేదు. ఒక మనిషి కష్టానికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

ఇది ఇక్కడితో ఆగదు. మర్నాడు ఫోన్లలో అట్ట బొమ్మ తిరుగుతుంది. దాని కింద ‘అద్భుతం’, ‘గుక్కతిప్పుకోకుండా చదివించింది’, ‘తెలుగులో ఇలాంటిది రాలేదు’ అని వరసగా రాస్తారు. రాసినవాళ్లలో సగం మందికి పుస్తకం ఇంకా చేతికే రాలేదు. అచ్చయ్యేది 500 కాపీలు, మహా అయితే 1000. అందులో కొన్ని తోటి రచయితలకే ఉచితంగా వెళతాయి. తీసుకున్నవాళ్లు రేపు తమ పుస్తకానికి ఇదే మాట రావాలని ఇవాళ ఈ మాట ఇస్తారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మధ్య, జేబులోంచి 250 రూపాయలు తీసి పుస్తకం కొనే మామూలు పాఠకుడు ఎక్కడున్నాడు? అతని మాట ఎవరికి కావాలి? తెలుగు పుస్తకాలు అమ్ముడుపోవడం లేదని ఏడ్చే ముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలి.

ఒకప్పుడు మన పాఠకులు ఇలా లేరు. అద్దె లైబ్రరీల కాలం నాటి పాత నవల ఒకటి సంపాదించి తిప్పి చూడండి. కోఠీలోనో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో ఇప్పటికీ దొరుకుతాయి. రోజుకింత అని అద్దె కట్టి తెచ్చుకున్న పుస్తకం అది. మందపాటి అట్టతో కుట్టిన బైండు, మూలలు నలిగి గుండ్రంగా అయిపోయిన పేజీలు, మొదటి పేజీ మీద లైబ్రరీ ముద్ర. అంచుల్లో పెన్సిలు రాతలు. హీరో పెద్ద డైలాగు చెప్పిన చోట ఒకరు ‘ఇలా ఎవరూ మాట్లాడరు’ అని రాస్తే, దాని కిందే ఇంకో చేతిరాత ‘మా ఆయన మాట్లాడతాడు’ అంటుంది. మరో పేజీలో ‘ఈ పిల్లకి బుద్ధి లేదు’. చివర ‘ముగింపు బాగోలేదు, మొదటి సగం చదివి వదిలేయండి’ అని తర్వాత వచ్చేవాళ్లకి హెచ్చరిక. ఆ రాసినవాళ్లెవరికీ సాహిత్య సిద్ధాంతాలు తెలియవు. వాళ్లకి తెలిసింది ఒక్కటే: పుస్తకం చదివారు, దానితో పోట్లాడారు, ఆ పోట్లాట పక్కవాళ్లకి చెప్పారు.

అప్పట్లో వారపత్రిక వచ్చిన రోజు ఇంట్లో ముందు ఎవరు చదవాలన్న దగ్గరే గొడవ. సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్నది ఆ పాఠకులే. కథ గాడి తప్పితే సంపాదకుడికి ఉత్తరం రాసి కడిగేసిందీ వాళ్లే. యద్దనపూడి సులోచనారాణి నవలల్ని ఇళ్లలో ఆడవాళ్లు మోసుకు తిరిగి బతికించారు. పండితులు వాటిని కాలక్షేపం సాహిత్యమని చులకన చేశారు. కానీ ఆ పాఠకురాళ్ల బలం ఎంతటిదంటే, మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాయాల్సి వచ్చింది. ఆ నవలలన్నీ గొప్పవని నేననను. చాలావాటిలో కారున్న హీరో, కళ్లెర్రజేసే హీరోయిన్ తప్ప ఏమీ లేవు. కానీ వాటిని చదివినవాళ్లు నిజంగా చదివారు. నచ్చిందో లేదో నిజంగా చెప్పారు. ఇవాళ్టి వేదికల మీద కూర్చున్నవాళ్లకన్నా సాహిత్యానికి వాళ్లే ఎక్కువ మేలు చేశారు.

పొగడ్త ఒక జబ్బయితే, చదవకుండా తిట్టడం దాని కవల. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ పేరెత్తితే చాలు, ఒక వర్గం చేతులు జోడిస్తుంది, ఇంకో వర్గం పళ్లు నూరుతుంది. రెండు వర్గాల్లోనూ ఆ నవలని ఆసాంతం చదివినవాళ్లు ఎంతమంది? విశ్వనాథ సమాజ దృష్టితో నాకు ఏ కోశానా పొత్తు కుదరదు. పాత వ్యవస్థ కూలిపోతుంటే ఆయన పడిన దుఃఖం, ఆ వ్యవస్థ కింద నలిగినవాళ్ల కోసం పడలేదని నా అభియోగం. అయినా పసిరిక లాంటి పాత్రని ఊహించగలిగిన మనిషిని కొట్టిపారేయడానికి నాకు చేతులు రావు. ఈ రెండు మాటలూ ఒక్క నోటితో చెప్పగలగాలంటే పుస్తకం చదవాలి. వేరే దారి లేదు. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రాసినప్పుడు ఊరికే తిట్టిపోయలేదు. మూలాన్ని ముందు పెట్టుకుని, ఏ ఘట్టంలో ఏముందో చూపించి మరీ వాదించారు. ఆమె తీర్పు మీకు నచ్చకపోవచ్చు. ఆ శ్రమలో పదో వంతైనా పడకుండా ఆమెని తిట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

నన్ను అన్నిటికన్నా మండించే మాట ఇంకొకటుంది: ‘యాస అర్థం కాలేదండీ, పక్కన పెట్టేశాను.’ నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ గురించి ఈ మాట అంటారు. పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ గురించి అంటారు. రావిశాస్త్రి కథల గురించీ అంటారు. అనేవాళ్లు ఎవరు? లాటిన్ అమెరికా నవలని ఇంగ్లీషులో, నిఘంటువు పక్కన పెట్టుకుని ఓపిగ్గా చదివేవాళ్లు. కొలంబియాలో ఒక ఊరి మీద చూపించిన ఆ ఓపిక చిత్తూరు జిల్లా పల్లె మీద ఎందుకు చూపించరు? పాలమూరు ఆడవాళ్ల మాట వినడానికి అంత కష్టమేమొచ్చింది? ఎవరి తెలుగుని మనం బళ్లో మంచి తెలుగని నేర్చుకున్నామో, ఆ రెండు మూడు జిల్లాల తెలుగు తప్ప మిగతాది చదవడానికి పనికిరాదని లోపల ఎక్కడో నమ్ముతున్నాం. ఇది సిగ్గుపడాల్సిన సంగతి. దీనికి మందు చాలా తేలిక. పుస్తకం తీసి పైకి చదవండి. మొదటి రెండు పేజీలు నాలుక తడబడుతుంది. మూడో పేజీకి ఆ మనుషులు మీ గదిలో కూర్చుని మాట్లాడుతుంటారు. కంటికి కొరుకుడు పడని వాక్యం చెవికి ఇట్టే తెలిసిపోతుంది. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ గడిపిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ అనే చిన్న నవల రాశారు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడి కథ. ఒక్క రాత్రిలో చదివేయొచ్చు. దాన్ని చదవకుండా, తెలుగులో ప్రపంచ స్థాయి నవల లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

పుస్తకం నచ్చకపోతే మధ్యలో వదిలేయండి. ఏ పాపమూ రాదు. కానీ అలా వదిలేసే స్వేచ్ఛ అరువు తెచ్చుకున్న పుస్తకంతోనే పూర్తిగా వస్తుంది. డబ్బు పోసి కొన్న మనిషి సగంలో ఆపలేడు, ఆపినా బాగోలేదని ఒప్పుకోలేడు. అందుకే పాఠకుడి నిజాయితీకి గ్రంథాలయం కావాలి. 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ పెట్టిన జాతి మనది. కాలవల మీద పడవల్లో పుస్తకాలు పంపిన జాతి మనది. దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకెళ్లి జనానికి అమ్మారు. ఇవాళ? 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ము గ్రంథాలయాలకి సరిగా చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినపడుతూనే ఉంది. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఈ ఐదేళ్లలో వచ్చిన తెలుగు నవల ఒకటి అడగండి. పోటీ పరీక్షల గైడ్లు చూపిస్తారు. పరీక్షలు రాసే పిల్లలకి గైడ్లు కావాలి, కాదనను. నవలలూ కావాలి.

ఇక ఏడాదికి ఎన్ని చదివామో లెక్కలు చెప్పుకునే పోటీ. ఒకాయన వంద చదివాడట. వాటిలో ఒక్క పాత్ర పేరు చెప్పమనండి. పది నిమిషాల వీడియోలో నవల సారం విని చదివేశామనుకునేవాళ్లతో నాకు మాటల్లేవు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయం పది నిమిషాల్లో చెప్పేది కాదు. ఆ భయం వాక్యం వాక్యానికీ మన ఒంట్లోకి పాకాలి. కథ చెప్పేస్తే అందులో ఏం మిగులుతుంది? నిజంగా చదివే మనిషి నచ్చిన పుస్తకాన్ని మళ్లీ తీస్తాడు. 1892లో విజయనగరంలో ఆడి మెప్పు పొందిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని అక్కడితో వదల్లేదు, 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. చప్పట్లు అందుకున్న రచనని రాసినవాడే అంతలా మళ్లీ చదువుకుని దిద్దుకున్నాడు. మనం రెండోసారి చదవలేమా?

రచయితలారా, ఉచిత కాపీ ఇచ్చి పొగడ్త అడుక్కోకండి. వక్తలారా, చదవకపోతే వేదిక ఎక్కకండి. పాఠకులకి నా విన్నపం ఒక్కటే. ఈ నెల ఒక తెలుగు పుస్తకం చదివి, పోస్టు కార్డులో పట్టేంత నిజం రాసి దాని రచయితకి పంపండి. నచ్చితే ఏ పేజీ నచ్చిందో రాయండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, ఏ పేజీలో ఎందుకు నచ్చలేదో కూడా. కింద మీ పేరు పెట్టండి.