బరువు మోసే సైకిలుకు గేరు కావాలి

ఖాళీ గ్యాస్ బండ పదిహేను పదహారు కిలోలుంటుంది. అందులో 14.2 కిలోల గ్యాసు నింపితే ముప్పై. అలాంటివి రెండు, క్యారేజీకి అటొకటి ఇటొకటి కొక్కేలకు తగిలించుకుని, ఎండలో గల్లీ గల్లీ తిరిగి ఇంటి గుమ్మంలో దింపిన మనుషులు మన ఊళ్లన్నిటా ఉన్నారు. రెండు బండలు అరవై కిలోలు, తొక్కే మనిషి ఇంకో అరవై. ఆ మొత్తాన్ని మోసింది ఇరవై కిలోలు దాటిన డబుల్ బార్ సైకిలు. దానికి గేరు లేదు. ఉన్నవి రాడ్ బ్రేకులు, వానొస్తే అవీ సరిగా పట్టవు.

పెట్రోలు ఖర్చు భరించలేక, ఇరుకు సందుల్లో ఆటో తిప్పలేక, ఊళ్లో సరుకు చేరవేయడానికి సైకిలు వైపు చూస్తున్న చిన్న వ్యాపారులు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. కూరగాయలు, నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తాలు, పార్సిళ్లు, ఎవరి సరుకు వారిది. ఏ సైకిలు కొనాలన్నది వాళ్ల ప్రశ్న. ఎంత బరువు, ఎలాంటి దారి, రోజంతా తొక్కేది ఎవరు అన్నవి తేలితే జవాబు చాలావరకు దొరుకుతుంది.

ముందు మామూలు సైకిలు సంగతి. ఇది ఎంతైనా మోస్తుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. మోయడం నిజమే. 1954లో వియత్నాంలో దియన్ బియన్ ఫూ పోరుకు వేల సైకిళ్ల మీద బియ్యం, మందుగుండు కొండదారుల్లో చేరవేశారు. ఒక్కో సైకిలు మీద 200 కిలోలకు పైగా వేసిన సందర్భాలున్నాయి. అయితే ఆ సైకిళ్లను ఎవరూ ఎక్కి తొక్కలేదు. హ్యాండిల్‌కు పొడుగాటి కర్ర కట్టి, పక్కన నడుస్తూ నెట్టారు. ఫ్రేము ఓర్చుకునే బరువు ఒకటి, మనిషి తొక్కగలిగే బరువు మరొకటి. మన బజార్లలో సైకిలు మీద సరుకు వేసేవాళ్లు మొదటి లెక్కే చూస్తారు. రెండోది తొక్కేవాడి మోకాళ్లకు వదిలేస్తారు.

మామూలు సైకిల్లో ఇంకో ఇబ్బంది ఉంది. క్యారేజీ మీద వేసిన బరువంతా వెనక ఇరుసుకు పైన, కొంత దానికి వెనగ్గా పడుతుంది. యాభై కిలోలు దాటితే ముందు చక్రం తేలిపోయినట్టవుతుంది, హ్యాండిల్ మాట వినదు. వెనక చక్రం చువ్వలు వరసగా తెగుతాయి. దీనికి మందు వెనక భాగాన్ని పొడిగించడమే. అమెరికాలో ఎక్స్‌ట్రాసైకిల్ అనే సంస్థ 1998లో ఇదే పని మొదలుపెట్టింది. మామూలు సైకిలుకు బోల్టులతో బిగించే అదనపు ఫ్రేము పెట్టి, వెనక చక్రాన్ని అడుగుకు పైగా వెనక్కి జరిపారు. అప్పుడు బరువు రెండు చక్రాల మధ్యకు వస్తుంది, సైకిలు నిలకడగా సాగుతుంది. పొడుగు తోక సైకిలన్న మాట. మన ఊళ్లో గేట్లు, గ్రిల్సు చేసే వెల్డింగు షాపుకు ఇది అసాధ్యమైన పనేం కాదు.

ఆఫ్రికా దేశాల కోసం తయారైన బఫెలో సైకిలు చూడండి. వరల్డ్ బైసైకిల్ రిలీఫ్ అనే సేవాసంస్థ దాన్ని వెనక క్యారేజీ మీద 100 కిలోలు మోసేలా రూపొందించింది. ఈ మధ్య దానికి రెండు చైన్లతో రెండు గేర్లు పెట్టారు. పెడలును కాస్త వెనక్కి తొక్కితే గేరు మారుతుంది. తీగ లేదు, మీట లేదు, చెడిపోయే సున్నితమైన సామాను లేదు. పల్లెటూరి రిపేరు షాపులో బాగుచేసుకోవచ్చు. బరువు మోసే సైకిలుకు ఏం కావాలో తెలిసిన మనుషులు చేసిన పని అది. ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్లు చేసే దేశాల్లో మనదొకటి. అయినా లూథియానా ఫ్యాక్టరీల నుంచి వచ్చే బరువు సైకిలు ఇన్ని దశాబ్దాలుగా ఒకే గేరుతో వస్తుంటే నాకు కోపంగానే ఉంటుంది.

యూరప్ వాళ్ల పెట్టె సైకిళ్ల గురించి ఎక్కువ చెప్పను. డెన్మార్క్‌లో 1920ల నుంచి లాంగ్ జాన్ అనే రకం ఉంది. సరుకు పెట్టే బల్ల తొక్కేవాడికి ముందు, నేలకు దగ్గరగా ఉంటుంది. బరువు కిందికి ఉండటం వల్ల తూలదు. కోపెన్‌హాగన్‌లోని క్రిస్టియానియాలో 1984లో మొదలైన మూడు చక్రాల రకానికి ముందు రెండు చక్రాలు, వాటి మధ్య చెక్కపెట్టె ఉంటాయి. పిల్లల్ని బడికి తీసుకెళ్లడానికి, వారం సరుకులు తెచ్చుకోవడానికి అక్కడి కుటుంబాలు వాడతాయి. చక్కని వాహనాలే. మోటారుతో కలిపి కొంటే లక్షల్లో పడతాయి. ఆ డబ్బుతో ఇక్కడ సరుకు ఆటో వస్తుంది. మన వ్యాపారికి అవి పనికిరావు.

మన ఊళ్లలో అసలు బరువంతా లాగుతున్నది ట్రాలీ రిక్షా. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత దగ్గర బట్టల బేళ్లు, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర కూరగాయల బస్తాలు, హైదరాబాద్ బేగంబజార్‌లో అట్టపెట్టెలు. నాలుగు చక్రాల బండి వెనక్కి తిరగలేని సందులోకి ఇది దూరుతుంది. ఆపితే తనంతట తాను నిలబడుతుంది, కాబట్టి ఒక్కడే సరుకు ఎక్కించి దించుకోగలడు. రెండు వందల కిలోలను సమనేల మీద ఒక మనిషి తొక్కుకుంటూ తీసుకెళ్లగల వాహనం నాకు తెలిసి ఇంకోటి లేదు. ఈ పోలికలో దానికే నా ఓటు. కానీ ఇప్పుడున్న రూపంలో కాదు.

దాని లోపాలన్నీ తొక్కేవాళ్లకు తెలుసు. ఉత్త బండే ఎనభై కిలోల దాకా ఉంటుంది. మనిషి అరవై, సరుకు రెండు వందలు కలిపితే 340. వంద మీటర్లకు మూడు మీటర్లు ఎక్కే దారిలో, సమనేల మీద పెట్టే బలానికి మూడింతలకు పైగా పెట్టాలి. గేరు ఒక్కటే, తగ్గించుకునే వీల్లేదు. అందుకే విజయవాడ చిట్టినగర్ సొరంగం దారిలోనో, ఏ ఫ్లైఓవర్ మొదట్లోనో అతను దిగి, హ్యాండిలొక చేత్తో, సీటొక చేత్తో పట్టి లాగుతాడు. వెనక రెండు చక్రాల్లో చైను తిప్పేది ఒకదాన్నే, రెండోది ఊరికే తిరుగుతుంది. ఆ ఒక్క చక్రం బురదలో జారిందంటే బండి కదలదు. బ్రేకు చాలావాటికి ముందు చక్రానికే. బరువు వెనక, బ్రేకు ముందు. దిగుడులో గట్టిగా పట్టితే సరుకు తోసుకొచ్చి మనిషిని ముందుకు విసిరేస్తుంది. మలుపులో మామూలు సైకిలు పక్కకు వంగుతుంది, ఇది వంగదు. పక్కనుంచి పడే ఒత్తిడంతా సైకిలు కోసం చేసిన రిమ్ములు, చువ్వలు భరించాలి. అవి భరించలేవు.

ఇవన్నీ సరిచేయలేని లోపాలేమీ కావు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థలో అనిల్ రాజ్‌వంశీ బృందం గేర్లు, వెనక చక్రాలకు బ్రేకులు పెట్టి రిక్షాను కొత్తగా రూపొందించింది. మోటారు రిక్షా కూడా చేసింది. 1990ల చివర్లో ఆగ్రాలో ఐటీడీపీ సంస్థ చేపట్టిన పథకంలో ప్రయాణికుల రిక్షా బరువు దాదాపు మూడో వంతు తగ్గింది, గేర్లు వచ్చాయి. ఇంగ్లండులో చక్రం హబ్బులోనే ఇమిడిపోయే మూడు గేర్ల అమరిక 1900ల మొదట్లోనే అమ్మకానికి వచ్చింది. శతాబ్దం దాటినా మన ట్రాలీ రిక్షాకు అందలేదు. కారణం విద్య లేకపోవడం కాదు, డబ్బు పెట్టేవాడికి నొప్పి లేకపోవడం. చాలాచోట్ల బండి ఒకరిది, తొక్కేది ఇంకొకరు. రోజు అద్దె వచ్చేస్తే యజమానికి చాలు. గేరు పెట్టించినందువల్ల మిగిలేది తొక్కేవాడి ఊపిరి, దానికి ఏ లెక్కల పుస్తకంలోనూ పద్దు లేదు.

మోటారు తగిలిస్తే సరిపోదా అంటారు. తగిలించాలి, నేనూ అదే కోరుతున్నాను. తొక్కుతున్నప్పుడు సాయపడే 250 వాట్లలోపు మోటారుండి, గంటకు 25 కిలోమీటర్లకు మించని, మిగతా షరతులూ తీర్చే సైకిలును కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే ఆ నమూనాను గుర్తింపున్న పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. వీధి మెకానిక్ కిట్ కొని బిగించిన బండికి ఆ కాగితం ఎక్కడిది? ఇంకో పక్క 310 కిలోల దాకా సరుకు మోసే ఈ-కార్ట్‌కు వేరే నిబంధనలు ఉన్నాయి, దానికి రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ రెంటి మధ్య ట్రాలీ రిక్షా తొక్కేవాడు ఇరుక్కున్నాడు. మన ఇంజనీరింగ్ కాలేజీలు ఒక మంచి నమూనా చేసి, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఒక్కసారి పరీక్ష చేయించి, ఆ డ్రాయింగులు ప్రతి ఊరి రిక్షా తయారీదారుకూ ఉచితంగా ఇస్తే ఈ చిక్కు తీరుతుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో చాలావరకు సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేయగలిగాం. వ్యాయామానికి తొక్కేవాళ్లకు నీడ ఇచ్చాం, మంచిదే. పొట్టకోసం తొక్కేవాళ్లకు బజారు మొదట్లో సరుకు దించుకునే జాగా కూడా గీసి ఇవ్వలేదు.

అరవై డెబ్బై కిలోల లోపు సరుకైతే, దూరం ఎక్కువైతే, పొడుగు తోక సైకిలు చేయించుకోండి. అంతకు మించి, రెండు వందల దాకా అయితే, ట్రాలీ రిక్షాను మించింది లేదు. పెట్టె సైకిలు జోలికి వెళ్లొద్దు. బండి మీది, తొక్కే మనిషి మీ దగ్గర పనిచేసేవాడు అయితే, మీకు ఇంకో మాట. తయారుచేసేవాడి దగ్గరకు మీరే వెళ్లి కనీసం రెండు గేర్లు, వెనక చక్రాలకు బ్రేకు, కాస్త మందమైన చువ్వలు అడగండి. ఖర్చు కొంత పెరుగుతుంది. అది అద్దెలో కలపకుండా మీరే పెట్టుకోండి.